షిప్పు మెడికల్‌కు ముందు శ్రీకాకుళంలో చెకప్: నాలుగు స్టార్లు, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను

క్లినిక్ పేరు రాయడం లేదు, ముందే చెప్పేస్తున్నా. రాస్తానంటే డాక్టరమ్మే వద్దన్నారు. "పేరు చూసి రేపటి నుంచి షిప్పు సర్టిఫికెట్ ఇమ్మని వచ్చేస్తారు, నేనిచ్చేది అది కాదు కదా" అన్నారు. నిజమే. ఓడ ఎక్కడానికి చెల్లే మెడికల్ సర్టిఫికెట్ డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదించిన డాక్టరే ఇవ్వాలి, వాళ్ల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, మా ఊరివాళ్లం దానికోసం విశాఖపట్నం పోతాం. నేను రాస్తున్నది దానికి ముందు శ్రీకాకుళం టౌన్‌లో సొంతంగా చేయించుకున్న చెకప్ గురించి. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచిపోయేంత దూరం, కింద మందుల షాపు, రెండో అంతస్తులో క్లినిక్, దాని పక్కనే ల్యాబ్. ఎవరికైనా మరీ అవసరమైతే ఈ ఆనవాలు చాలు.

నేను బల్క్ క్యారియర్ల (విడి సరుకు మోసే ఓడల) మీద ఏబీని, ఏబుల్ సీమన్‌ని, అంటే డెక్ పని, రాత్రిళ్లు బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద లుకౌట్, చుట్టూ ఏమొస్తోందో కనిపెట్టి చెప్పడం. ఊరు సోంపేట దగ్గర. మెడికల్ రెండేళ్లకోసారి తప్పదు (పద్దెనిమిది నిండనివాళ్లకైతే ఏడాదికే అయిపోతుంది), ఈసారి నాది అయిపోవచ్చింది, మా బామ్మర్దికేమో ఇదే మొదలు. వాడు జీపీ రేటింగ్ కోర్సులో (ఓడలో ఆఫీసర్ల కింద పనిచేసే సిబ్బందికిచ్చే శిక్షణ) చేరాలని తిరుగుతున్నాడు, ఆరు నెలల కోర్సు, ఫీజు లక్షల్లో, ఏజెంటు అడ్వాన్సు అడుగుతున్నాడు. ముందు ఒళ్లు చూపించుకో, తర్వాతే డబ్బు కట్టు అని నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. ఇద్దరికీ కలిపి ఒకే రోజు.

దొరికినచోట ముద్ర వేయించుకుంటే పోదా, ఈ ముందు చెకప్ ఖర్చెందుకు అని మా ఊళ్లోనే చాలామంది అడిగారు. దానికి నా దగ్గర ఒక కథ ఉంది. కొన్నేళ్ల కిందట కంపెనీవాళ్లు వారంలో జాయినవ్వమంటే ఒకతను "నేను చూసుకుంటాలే" అని నన్నొక చోటికి పంపాడు. ఏ ఊరో, ఎవరో ఇక్కడ వద్దు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రంగుల పరీక్ష అంటే ఫోన్‌లో మూడు బొమ్మలు. చెవుల పరీక్ష అంటే "వినపడుతుందా?", "వినపడుతుంది సార్". యూరిన్ బాటిల్ నేను బాత్‌రూం కిటికీలో పెట్టి వచ్చాను, కాగితాలు చేతికొచ్చాక వెళ్లేముందు మళ్లీ బాత్‌రూంకి పోతే నా బాటిల్ అక్కడే, నేను పెట్టినచోటే ఉంది, రిపోర్టులో మాత్రం అల్బుమిన్ (ఒక ప్రొటీన్) నిల్, షుగర్ నిల్, అన్నీ నిల్. అప్పుడు నవ్వుకున్నాను కూడా, పని తొందరగా అయిపోయిందని.

ఆ కాంట్రాక్టులోనే దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు ఇంకా ఐదు రోజులుందనగా నడుం కుడివైపు పోటు మొదలైంది. మొదటి రోజు బరువులెత్తినందుకనుకున్నాను, రెండో రోజుకి క్యాబిన్ నేలమీద ముడుచుకు పడుకున్నాను. ఓడలో డాక్టరు ఉండడు, ఈ సంగతి మన ఇళ్లల్లో చాలామందికి తెలీదు, సరుకు ఓడల్లో మందుల పెట్టె, దాన్ని చూసుకునే ఒక ఆఫీసరు, అంతే. కెప్టెన్ రోమ్‌కు మెసేజ్ పెట్టాడు. అక్కడొక కేంద్రం ఉంది, 1935 నుంచి సముద్రం మీద ఉన్న ఓడలకు ఉచితంగా డాక్టరు సలహా ఇస్తోంది. వాళ్లు చెప్పిన ఇంజెక్షన్ సెకండ్ ఆఫీసరు చేశాడు, పాపం అతని చెయ్యి నాకంటే ఎక్కువ వణికింది. డర్బన్‌లో స్కానింగ్ తీస్తే కిడ్నీలో రాయి. సైన్ ఆఫ్, అంటే ఓడ దిగిపోవడం, ఇంటికి. ఆ బాటిల్ కిటికీలో ఉండిపోకుండా ఎవరైనా ఒకసారి చూసి ఉంటే రాయి దొరికేదని ఖాయంగా చెప్పలేను, కానీ చూడలేదన్నది మాత్రం ఖాయం.

పైగా మేం ఉద్దానం వాళ్లం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఎక్కువ, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) అనే మాట రేషన్ కార్డంత మామూలు. కొబ్బరి తోటలో కూర్చుని ముసలాళ్లు "నాకు రెండున్నర, నీకెంత?" అని అడుక్కుంటారు. ఆ జబ్బు ఎందుకొస్తోందో ఇదమిత్థంగా ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు, నీళ్లన్నారు, ఎండన్నారు, మందులన్నారు. మా పెదనాన్న పోయింది దాంతోనే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది గానీ పెదనాన్న రోజుల్లో డయాలసిస్ అంటే విశాఖే. ఇలాంటి చోట పెరిగిన కుర్రాడు యూరిన్ టెస్టు అంటే భయపడతాడు, అందుకే చూడకుండా నిల్ రాసేసేవాడే మంచి డాక్టరైపోతాడు. మా బామ్మర్ది రెండ్రోజులు సరిగ్గా తినలేదు, "బావా, అందులో ఏటైనా వస్తే ఊళ్లో చెప్పకు" అన్నాడు రైల్లో.

ఇప్పుడు అసలు రివ్యూ.

పరగడుపున రమ్మన్నారు. సోంపేట నుంచి వంద కిలోమీటర్ల పైనే, తెల్లారకముందు బయల్దేరి రైలెక్కి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, అదే ఆమదాలవలసలో, దిగి ఆటో పట్టుకుని వచ్చేసరికి ఆకలికి ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. మంచినీళ్లు తాగొచ్చు అన్న సంగతి ఫోన్‌లో చెప్పలేదు, అక్కడికెళ్లాకే చెప్పారు. లిఫ్టు లేదు. రెండంతస్తుల మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చోగానే నర్సమ్మ బీపీ పట్టీ చుట్టబోతే డాక్టరమ్మ లోపల్నుంచే "పది నిమిషాలు కూర్చోనీ, అప్పుడు చూడు" అని కేకేశారు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. అయినా మొదటిసారి 152/98 వచ్చింది. నేను కంగారు పడ్డాను, రాత్రి నిద్ర లేదు, స్టేషన్‌లో ఒక సిగరెట్టు కూడా వెలిగించాను, అది ఆవిడకు వాసనకే తెలిసిపోయింది. మళ్లీ అరగంటకు చూశారు, 136/88. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పైది 160 దాటినా కిందది 100 దాటినా బీపీ అదుపులోకి వచ్చేదాకా తాత్కాలికంగా అన్‌ఫిట్ అంటారని, నువ్వు ఆ గీతకి మరీ దగ్గరగా తిరుగుతున్నావని, విశాఖ వెళ్లేముందు వారంపాటు ఇంట్లో రోజూ చూసుకుని రాసుకోమని చెప్పారు. మందు రాయలేదు. ఆ రెండు అంకెలూ కాగితం మీద రాశారు, మొదటిది కొట్టేయలేదు. ఇది నాకు నచ్చింది.

యూరిన్ సంగతి. నాకు అల్బుమిన్ ట్రేస్, అంటే కొద్దిగా ఉంది, అని వచ్చింది. ఆ అక్షరాలు చూడగానే గుండె జారిపోయింది, పెదనాన్న గుర్తొచ్చాడు. డాక్టరమ్మ మాత్రం నింపాదిగా నిన్న ఏం పని చేశావని అడిగారు. తోటలో కొబ్బరికాయల బస్తాలు లారీకెత్తాను, సాయంత్రందాకా అదే పని, నీళ్లు కూడా సరిగ్గా తాగలేదు. బాగా కష్టపడ్డ మర్నాడు, జ్వరం వచ్చినప్పుడు, నీళ్లు తగ్గినప్పుడు ఇలా కొంచెం కనపడి పోతుందట, ఒక్క పరీక్ష చూసి ఏమీ తేల్చకూడదట. నాలుగు రోజులు బరువులెత్తకుండా ఉండి పొద్దున లేవగానే మొదటి యూరిన్ తెమ్మన్నారు, దాంట్లో అల్బుమిన్‌కీ క్రియాటినిన్‌కీ నిష్పత్తి చూస్తారు. రాయి సంగతి చెప్పాను కాబట్టి కడుపు స్కానింగ్ కూడా రాశారు. నొప్పుల బిళ్లలు ఎన్ని వాడతావని మూడుసార్లు అడిగారు, మూడోసారికి నిజం చెప్పాను. ఓడలో నడుంనొప్పికి మేం పప్పుబెల్లాల్లా మింగే ఆ బిళ్లలు కిడ్నీకి ఎంత చెడ్డవో ఉద్దానం నుంచి వచ్చినవాడికి ఇంకొకరు చెప్పాలా, అయినా చెప్పించుకున్నాను. మళ్లీ వెళ్లినప్పుడు నిష్పత్తి మామూలుగానే వచ్చింది, స్కానింగ్‌లో రాయి లేదు. రెండోసారికి ల్యాబ్ డబ్బులే తీసుకున్నారు, ఆవిడ ఫీజు తీసుకోలేదు.

బామ్మర్దికి క్రియాటినిన్ 0.9. యూరిన్ శుభ్రం. వాడు ఆ కాగితాన్ని పరీక్ష పాసైనట్టు ఫొటో తీసి వాళ్లమ్మకు పంపేశాడు. చెస్ట్ ఎక్స్‌రే, ఈసీజీ, రక్తంలో ఇంకా ఏవేవో, అన్నీ బాగున్నాయి. హెచ్ఐవీ టెస్టుకు మాత్రం ముందుగా మాట్లాడి సంతకం తీసుకున్నారు, అదికూడా తలుపేసి. నోరు తెరిపించి పళ్లు చూశారు, నాకొకటి పీకించుకోమన్నారు. నవ్వొచ్చింది గానీ పసిఫిక్ మధ్యలో పన్ను పోటు పుట్టినవాణ్ణి నేను చూశాను, తర్వాత నవ్వలేదు. దగ్గమని హెర్నియా చూడడం మామూలే. అందరూ సిగ్గుపడతారు, అది అవసరం.

చెవుల పరీక్షకీ కళ్ల పరీక్షకీ ఒక పెద్దాయన ఉన్నారు, నేవీలో మెడికల్ వైపు చేసి రిటైరైనవారు. ఆయన్ని గురించి రాయడానికే ఇంత పెద్ద రివ్యూ మొదలుపెట్టాను. హెడ్‌ఫోన్ పెట్టి శబ్దం వినపడినప్పుడు చెయ్యెత్తమన్నారు. 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే కీచుమనే శబ్దం దగ్గర, నా ఎడమ చెవి వినికిడి కొంచెం దిగింది. పెద్దాయన రిపోర్టులో గీత మీద వేలుపెట్టి "చూడు బాబూ, చప్పుడు దెబ్బ తిన్న చెవి మొదట ఇక్కడే గుంట పడుతుంది, ఇంజన్ రూం వాళ్లకి మరీను, నీకు చిప్పింగ్ మెషిన్ వల్ల అయ్యుంటుంది" అన్నారు. చిప్పింగ్ అంటే డెక్ మీద తుప్పు రాలగొట్టడం. నిజంగానే చిప్పింగ్ చేసేటప్పుడు ఇయర్ మఫ్ మెడలో వేలాడేసుకుని తిరిగేవాణ్ణి, బోసన్ (డెక్ మీద మా మేస్త్రీ) కనపడితే చెవులకి ఎక్కించేవాణ్ణి. మార్గదర్శకాలు 500 నుంచి 3000 హెర్ట్జ్ వరకే చూస్తాయి, వినికిడి లోపం మంచి చెవికి 30 డెసిబెల్స్, రెండోదానికి 40 మించకూడదు, నావి ఆ లోపే, కాబట్టి ఫిట్టే. కానీ ఆ గుంట ఎటుపోతుందో తెలిసింది కదా.

ఇక రంగుల పుస్తకం. ఇషిహారా పుస్తకం, 1917 నుంచి ప్రపంచమంతా వాడుతున్న చుక్కల బొమ్మలు. మామూలుగా అందరిదగ్గరా కనపడే వెలిసిపోయిన జిరాక్సు కాదు, అసలుది, నల్లగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. వెలుతురు తగిలితే రంగులు వెలిసిపోతాయి, అప్పుడు బాగా చూసేవాడు కూడా తప్పు చెప్తాడు, చూడలేనివాడు పాసైపోతాడు అన్నారు. ఫోన్‌లో చూపిస్తే కుదరదు, స్క్రీను స్క్రీనుకీ రంగు మారుతుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టారు, ఎండ తగలకుండా పగటి వెలుతురు పడేలా, పుస్తకం చేతికి ఇవ్వలేదు, ఒక బారకి తక్కువ దూరంలో తనే పట్టుకున్నారు, వేలితో ముట్టుకోనివ్వలేదు. ఒక్కో బొమ్మకి మూడు సెకన్లు.

నాది అయిపోయింది. బామ్మర్ది కూర్చున్నాడు. మొదటి బొమ్మ 12, అది అందరికీ కనపడుతుంది, చెప్పాడు. రెండోది 8. వాడు "3" అన్నాడు. నేను పక్కనుంచి నవ్వాను, కంగారులో ఉన్నాడనుకుని. 29 ఉన్నదాన్ని 70 అన్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు, మొహంలో ఏ తేడా లేదు, పేజీ తిప్పారు. 74 ఉన్నచోట 21 అన్నాడు, గట్టిగా, అనుమానం లేకుండా. అప్పుడు నా నవ్వు పోయింది. కొన్నిచోట్ల "ఏటీ లేదు కదండీ, చుక్కలే" అన్నాడు. పెద్దాయన పుస్తకం మూసి, ఐదు నిమిషాలు ఆగి, బొమ్మల వరస మార్చి మళ్లీ మొదట్నుంచీ చూపించారు. మళ్లీ అవే తప్పులు. తర్వాత నాకు చెప్పారు, 8ని 3 అనడం, 74ని 21 అనడం ఏదో తోచింది చెప్పడం కాదట, ఎరుపు ఆకుపచ్చ తేడా తగ్గినవాళ్లకి ఆ బొమ్మల్లో నిజంగానే ఆ అంకెలే కనపడేటట్టు ఇషిహారా అనే జపాన్ డాక్టరు వాటిని గీశాడట. వాడు అబద్ధం చెప్పలేదు, వాడికి కనపడింది చెప్పాడు.

పంతొమ్మిదేళ్లు వచ్చాక తెలిసింది మాకు. పది చదివాడు, బండి నడుపుతాడు, క్రికెట్ ఆడతాడు, ఎవరికీ అనుమానం రాలేదు, వాడికే రాలేదు. జీడిపళ్లు ఏరేటప్పుడు పండినవీ పండనివీ కలిపేస్తాడని వాళ్ల నాన్న తిట్టేవాడు, బద్ధకం అనుకునేవాళ్లం.

లోపలికి పిలిచి డాక్టరమ్మ చెప్పిన తీరు బాగుంది. "నీకు జబ్బేమీ లేదు, కళ్లు బాగా కనపడుతున్నాయి, రంగు గుర్తుపట్టడంలోనే తేడా, దీనికి మందు లేదు, ఇది పెరగదు కూడా. కానీ డెక్ మీద లుకౌట్ పనికి ఇది కుదరదు. ఇంజన్ వైపు కూడా రంగుల పరీక్ష ఉంటుంది. నా మాట ఆఖరిమాట కాదు, విశాఖలో కంటి డాక్టరుకి చూపించి, ఆమోదం ఉన్న డాక్టరు దగ్గర తేల్చుకో, ఫీజు మాత్రం ఆ తర్వాతే కట్టు" అన్నారు. అన్‌ఫిట్ అన్న మాట ఎక్కడా వాడలేదు. వాడు నేల చూస్తున్నాడు. "బావా, ఎరుపేటో పచ్చేటో నాకు తెలుస్తాది" అన్నాడు ఒక్కసారి, అంతే.

తెలుస్తుందనే అనుకుంటాడు, అదే చిక్కు. రాత్రి బ్రిడ్జి మీద నిలబడ్డవాడికి చీకట్లో అవతలి ఓడ ఆకారం ఉండదు, లైట్లే. ఎరుపు దాని ఎడమవైపు, ఆకుపచ్చ కుడివైపు. నా కుడిపక్క నుంచి వస్తున్న ఓడ ఎరుపు చూపిస్తోందంటే అది నాకు అడ్డంగా వస్తోందని, తప్పుకోవాల్సింది నేనే అని. ఆకుపచ్చ అయితే లెక్క వేరు. మూడు నాలుగు మైళ్ల దూరంలో మినుకుమనే ఆ చుక్క ఏ రంగో నేను చెప్తే ఆఫీసరు దాన్ని బట్టి ఓడ తిప్పుతాడు. వాడు ఆ స్థానంలో ఉండి 74ని 21 అన్నంత ధీమాగా "గ్రీన్ సార్" అంటే? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చాక రభస. మా అత్తగారు క్లినిక్‌నే తిట్టారు, "డబ్బులు తీసుకుని బిడ్డకి లేని జబ్బు అంటగట్టారు" అని, ఆవిడ రాస్తే దీనికి ఒక్క స్టార్ కూడా రాదు. నేనూ ఒక తప్పు చేశాను. ఇది తల్లి వైపు నుంచి వస్తుందట, మగపిల్లల్లోనే ఎక్కువ బయటపడుతుందట అని డాక్టరమ్మ నాతో అన్నమాట ఆవిడ ముందు అనేశాను. ఆవిడ అన్న, అంటే మా బామ్మర్దికి మేనమామ, చిన్నప్పుడు పండుమిరపకాయలు కోయమంటే పచ్చివి కోసుకొచ్చేవాడని ఆవిడకే గుర్తొచ్చింది, దాంతో ఏడుపు. చెప్పకుండా ఉండాల్సింది. తెలిసిన ప్రతిదీ వంటింట్లో మాట్లాడేది కాదు.

ఏజెంటుకి చెప్తే అతను అసలు కంగారే పడలేదు. "దానిదేముంది, పుస్తకం బట్టీ పట్టిస్తాం, ఎన్నో బొమ్మ ఏ నంబరో, మావాళ్లు చాలామంది అలాగే పోయారు" అన్నాడు. ఇతనెవరో రాయను గానీ ఆ మాట మాత్రం రాయాలనిపించింది. రంగుల పరీక్ష సర్టిఫికెట్ ఆరేళ్ల దాకా చెల్లుతుంది, మెడికల్ రెండేళ్లే, అంటే ఒకసారి బట్టీ పట్టి గట్టెక్కినవాడు ఆరేళ్లపాటు ఎవరి ఓడ మీదైనా ఎవరి పక్కనైనా లుకౌట్‌కి నిలబడొచ్చు. అలాంటివాడు నా పక్క వాచ్‌లో (కాపలా వంతులో) ఉంటే నేను క్యాబిన్‌లో నిద్రపోగలనా?

మళ్లీ క్లినిక్ దగ్గరికి వస్తాను. వెయిటింగ్ హాల్లో ఒక మత్స్యకారుడు మా పక్కన కూర్చున్నాడు, ఎచ్చెర్ల వైపు తీరం ఊరు, యాభై దాటిన మనిషి. ఏటా గుజరాత్‌లోని వెరావల్ పోతాడు బోటు మీదికి, నెలల తరబడి. మెట్లెక్కితే గుండె పట్టేస్తోందని కూతురు బలవంతంగా తీసుకొచ్చింది. "మీకు మెడికల్ లేదా బావు?" అని అడిగితే నవ్వాడు, "మాకేటి మెడికల్, చెయ్యి పనిచేస్తాదా, వల లాగుతావా, అదే మెడికల్" అన్నాడు. చేపల బోట్లవాళ్లకి కూడా మెడికల్ సర్టిఫికెట్ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లోనే ఒప్పందం చేసింది, మనదేశం దాంట్లో చేరలేదు. మా ఓడకి రోమ్ డాక్టరైనా ఉన్నాడు, ఆయన బోటుకి ఎవరున్నారు? ఆయన ఈసీజీ చూసి డాక్టరమ్మ అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపారు, మా వరస వెనక్కి పోయింది, దానికి నేను స్టార్ తగ్గించలేదు.

తగ్గించింది ఎందుకంటే, బాత్‌రూం తలుపుకి గడియ లేదు. ఒక చేత్తో బాటిలు, ఒక చేత్తో తలుపు. చెవుల పరీక్ష మంగళవారం, శుక్రవారం మాత్రమే, పెద్దాయన ఆ రోజుల్లోనే వస్తారు, ఇది బోర్డు మీద లేదు, మాకు తెలిసినవాళ్లు చెప్పబట్టి మంగళవారం వెళ్లాం. ఆ గది పక్కనే జనరేటరు, కరెంటు పోయినప్పుడు పరీక్ష ఆపేసి కూర్చోవాలి, మాకు ముప్పావు గంట పోయింది. అన్నిటికంటే పెద్ద తప్పు పేరు. పాస్‌పోర్టులో నా ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, వీళ్లు ఇనీషియల్‌తో కొట్టారు, పైగా పేరులో ఒక అక్షరం పోయింది. ఇది మనవాళ్లందరికీ వచ్చే తలనొప్పే, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకలా ఆధార్‌లో ఒకలా ఉంటుంది, కానీ షిప్పు కాగితాల్లో పాస్‌పోర్టు, సీడీసీ (ఓడ ఉద్యోగికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పుస్తకం), మెడికల్ అన్నిట్లో ఒకటే ఉండాలి. ముందు చెకప్ రిపోర్టుకి అంత పట్టింపు లేదంటే లేదు, అయినా విశాఖ డాక్టరుకి పాతవి చూపించాలి కదా, మళ్లీ కొట్టించాను. కౌంటర్ అమ్మాయి మొహం చిట్లించింది.

ఖర్చు, నాకు స్కానింగ్‌తో కలిపి 3,400, బామ్మర్దికి 2,150. ఫోన్‌పే లేదు, నగదే. విశాఖలో అసలు మెడికల్‌కి మళ్లీ వేరే కట్టాలి, అది గుర్తుపెట్టుకోండి, ఇది దాని బదులు కాదు. ఇంకోమాట, చట్టప్రకారం ఉండాల్సిన ఆ మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ, పాస్‌పోర్టు, వీటి ఖర్చు మనమీద పడొచ్చు గానీ ఉద్యోగం ఇప్పించినందుకు ఫీజు, వీసా ఖర్చు, ఇలాంటివి సీఫేరర్ (ఓడ ఉద్యోగి) దగ్గర వసూలు చేయకూడదని ఎంఎల్‌సీ 2006 అనే ఓడ కార్మికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది, ఇండియా 2015లో దాన్ని ఆమోదించింది. ఏజెంటు "మెడికల్ ప్యాకేజీ" అని ముద్దగా ఒక పెద్ద అంకె చెప్తే అందులో ఏమేముందో విడివిడిగా రాసిమ్మనండి, అక్కడే సగం తగ్గుతుంది. అలాగే ఎక్కడైనా అన్‌ఫిట్ అన్నారని అక్కడితో అయిపోయిందనుకోవద్దు, ఇంకో డాక్టరుతో మళ్లీ చూపించుకునే హక్కు ఆ ఒప్పందమే ఇచ్చింది. నడి సముద్రంలో ఉండగా సర్టిఫికెట్ గడువు అయిపోతే తర్వాతి రేవుదాకా చెల్లుతుంది, మూడు నెలలు మించకుండా. ఇది నేను కూడా డాక్టరమ్మ చెప్తేనే తెలుసుకున్నాను, పదకొండేళ్ల సర్వీసు పెట్టుకుని.

విశాఖలో బామ్మర్దిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడా అదే మాట, అదే పుస్తకం, 8ని 3 అన్నాడు. కోర్సు ఫీజు కట్టలేదు. ఎలక్ట్రీషియన్ అవుతానన్నాడు, వైర్ల రంగులు గుర్తొచ్చి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం, చాలా రోజుల తర్వాత. ఇప్పుడు డీజిల్ మెకానిక్ అంటున్నాడు, చూడాలి. నా మెడికల్ మాత్రం ఒకే పూటలో అయిపోయింది, బీపీ 132/84, వారం రోజుల చీటీ చూపిస్తే ఆ డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

మొన్న జాయినింగ్‌కి బయల్దేరితే సోంపేట స్టేషన్‌కి నా బ్యాగు మోసుకొచ్చింది వాడే. చీకటి పడింది. ప్లాట్‌ఫాం చివర సిగ్నల్ వైపు చూసి "పచ్చ పడింది, బండి వస్తాది బావా" అన్నాడు. నీకెలా తెలిసిందిరా అన్నాను. "పైది వెలిగింది కదా. రోడ్డు మీద ఎరుపు పైనుంటాది, రైలుకైతే కిందుంటాది, నీకు తెలీదేటి?" అన్నాడు. నిజంగానే నాకు తెలీదు.